దూరాన్ని కొలిచిన దొర – సర్ జార్జ్ ఎవరెస్ట్

మన సంఘ సభ్యుల్లో పిల్లలు విదేశాల్లో లేని ఇల్లు ఇప్పుడు వెతికితే గాని దొరకదు. సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని నలుగురు పెన్షనర్లు ఒకచోట కూర్చుంటే, డి.ఎ. బకాయిల మాట అయిపోగానే వచ్చేది విమానం మాటే. ఎవరి కోడలికి పురుడు, ఎవరికి వీసా వచ్చింది, మధ్యలో ఎక్కడ మారాలి, ఎన్ని గంటల ప్రయాణం – ఇవే ముచ్చట్లు. విమానంలో ముందు సీటు వెనక బిగించిన చిన్న తెర మీద దారి పొడుగునా అంకెలు మారుతుంటాయి. ఎంత దూరం వచ్చాం, ఇంకా ఎంత మిగిలింది, ఎన్నింటికి దిగుతాం అని చెబుతుంటాయి. నిద్రపట్టని పెద్దవాళ్లకు అదే కాలక్షేపం.

శంషాబాద్ నుండి షికాగోకు నేరుగా ఆకాశమార్గాన దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని విమానం ప్రారంభించినప్పుడు ప్రయాణం దాదాపు పదహారు గంటలు. ఈ పదమూడు వేల చిల్లర కిలోమీటర్లను ఎవరూ గొలుసు పట్టుకుని కొలవలేదు, కొలవడం సాధ్యమూ కాదు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం ఎంత పెద్దదో, ధ్రువాల దగ్గర ఎంత నొక్కుకుపోయి ఉందో లెక్కలోకి తెచ్చి కట్టిన దూరం అది. భూమి కొలత తప్పితే ఈ లెక్కా తప్పుతుంది. ఆ కొలతను తేల్చడానికి ఆరోగ్యం, వయసు రెండూ ఖర్చు పెట్టిన వాళ్లలో ముందువరసలో నిలిచే మనిషి సర్ జార్జ్ ఎవరెస్ట్. ప్రపంచంలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరానికి ఉన్నది ఈయన పేరే గనుక ఆ పేరు తెలియని బడిపిల్లవాడు ఉండడు. కాని ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో, ఆ ఉద్యోగంలో మొదటి ఏడాదే మన కృష్ణా గోదావరుల నడుమ ఎలా మంచం పట్టారో తెలిసినవాళ్లు తక్కువ.

ఎవరెస్ట్ 1790 జూలై 4న పుట్టారు. తండ్రి న్యాయవాద వృత్తిలో ఉండేవారు. 1791 జనవరిలో గ్రీనిచ్ చర్చిలో ఆ బిడ్డకు బాప్టిజం జరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా రేఖాంశాలను లెక్కపెట్టడం మొదలుపెట్టేది ఆ గ్రీనిచ్ నుండే. ఇంటిపేరును వాళ్ల కుటుంబంలో ఈవ్‌రెస్ట్ అని పలికేవారు. మనం, మనతో పాటు లోకం అంతా, ఎవరెస్ట్ అనడం అలవాటు చేసుకున్నాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను.

వుల్విచ్ సైనిక విద్యాలయంలో లెక్కల్లో గట్టివాడనిపించుకుని 1806లో, పదహారో ఏట, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ ఫిరంగిదళంలో చేరారు. ఆ రోజుల్లో ఇంగ్లండు నుండి ఓడ ఎక్కితే ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి కలకత్తా రేవు చేరడానికి అయిదారు నెలలు పట్టేది. గాలి అనుకూలిస్తే ఒక లెక్క, లేకుంటే మరో లెక్క. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అది చూడడానికి ఎవరెస్ట్ బతికి లేరు. 1929లో లండన్, కరాచీ మధ్య విమాన సర్వీసు మొదలైనప్పుడు కూడా దారిలో ఆగుతూ ఆగుతూ ఏడు రోజులు పట్టేది. ఇప్పుడు హైదరాబాదు నుండి లండనుకు 7,750 కిలోమీటర్లు, పది గంటల ప్రయాణం. అదీ ఎక్కువే అని మన పిల్లలు విసుక్కుంటారు.

కుర్రవాడికి మొదట పడిన పనులు చిత్రమైనవి. 1814 నుండి రెండేళ్లు జావా దీవిలో సర్వే చేశారు. తిరిగివచ్చాక గంగ, హుగ్లీ నదుల్లో పడవలు తిరిగే దారులు బాగుచేసే పనిలో ఉన్నారు. కలకత్తా నుండి కాశీ వైపు ఎత్తు స్తంభాల మీద గుర్తులు ఆడించి వార్త పంపే వరసకు స్థలాలు చూశారు. తీగ టెలిగ్రాఫు రాకముందు వార్త వేగంగా పోవడానికి అదే ఉపాయం. ఒక స్తంభం మీది నుండి ఇంకో స్తంభం కనబడాలి, మధ్యలో చెట్టుగాని గుట్టగాని అడ్డం రాకూడదు. ఆయన జన్మంతా చేయబోయే పనికి ఇది మంచి శిక్షణ అయింది.

అప్పటికి దక్షిణాదిలో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి 1802లో మద్రాసులో మొదలుపెట్టిన మహత్తర కార్యం నడుస్తోంది. కన్యాకుమారి నుండి 78వ రేఖాంశం వెంబడి ఉత్తరంగా భూమిని కొలుచుకుంటూ పోవడం. దీని ముఖ్యోద్దేశం పన్నులూ కాదు, పొలం గట్లూ కాదు. ఒక్కొక్క అక్షాంశ డిగ్రీకి నేల మీద ఎంత పొడవు వస్తుందో చూడడం. భూమి సరిగ్గా గుండ్రని బంతి అయితే ప్రతి డిగ్రీ ఒక్కటే పొడవు ఉండాలి. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉంటే ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీ పొడవు కొంచెం కొంచెం పెరగాలి. ఎంత పెరిగిందో తెలిస్తే భూమి ఆకారం తెలిసిపోతుంది. 1818లో ఈ సర్వేకు మహా త్రికోణమితి సర్వే అని పేరు వచ్చింది. ఆ ఏడాది చివర ఎవరెస్ట్ హైదరాబాదు వచ్చి లాంబ్టన్ ముఖ్య సహాయకుడిగా చేరారు.

త్రికోణమితి అనగానే బెదరనక్కరలేదు. మన మూడు ఊళ్లే తీసుకుందాం. సూర్యాపేట నుండి కోదాడకు కాకి ఎగిరే దారిన సుమారు 40 కిలోమీటర్లు. సూర్యాపేట నుండి మిర్యాలగూడకు 30. మిర్యాలగూడ నుండి కోదాడకు 45. టి.ఎ. బిల్లుల్లో మనం వేసుకున్న అంకెలు ఇంతకంటె ఎక్కువ, ఎందుకంటే బస్సు వంకర దారిన పోతుంది, కాకి పోదు. ఇప్పుడు ఈ మూడింటిలో సూర్యాపేట, మిర్యాలగూడల మధ్య దూరం ఒక్కటే నేల మీద కొలిచామనుకోండి. సూర్యాపేటలో ఎత్తు మీద నిలబడి మిగతా రెండు ఊళ్ల వైపు చూస్తే మధ్య కోణం ఎంతో కొలవాలి. మిర్యాలగూడలోనూ అలాగే చేయాలి. ఇక కోదాడకు వెళ్లే పని లేకుండానే మిగిలిన రెండు భుజాల పొడవూ కాగితం మీద వచ్చేస్తుంది. వచ్చిన భుజాన్ని పట్టుకుని దాని మీద ఇంకో త్రికోణం, దాని మీద మరొకటి. ఇలా గొలుసుకట్టుగా దేశం పొడుగునా పోవచ్చు. అయితే మొదటి భుజం కొలతలో అంగుళం తప్పు పడినా, ఏదో ఒక కోణంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ తప్పు వందల మైళ్ల దాకా వెంట వస్తుంది. అందుకే మొదటి భుజాన్ని, దాన్ని ఆధార రేఖ అంటారు, గుడారాల నీడలో వారాల తరబడి కొలిచేవారు. కోణాలు కొలిచే పెద్ద థియోడొలైటు యంత్రం అరటన్ను బరువు. దాన్ని గుట్టల మీదికి మోసింది మన మనుషులే.

1819 వానాకాలంలో లాంబ్టన్ ఈ కొత్త సహాయకుణ్ణి హైదరాబాదుకు తూర్పున, కృష్ణా గోదావరుల మధ్య నేలకు త్రికోణాలు అల్లుకుని రమ్మని పంపారు. పటం తీసి చూస్తే హైదరాబాదుకు తూర్పున ఆ రెండు నదుల నడిమి నేలలోనే మన మూడు ఊళ్లూ ఉన్నాయి. సాగర్ ఎడమకాలువ రాకముందు ఈ నేల ఎలా ఉండేదో మనలో పెద్దవాళ్లకు గుర్తే. దానికి ఇంకో నూటయాభై ఏళ్లు వెనక్కి పోయి ఊహించుకోవాలి. గోదావరి వైపు పోయేకొద్దీ దట్టమైన అడవి. వానాకాలమే ఎందుకంటారా? ఎండాకాలంలో దుమ్ము, ఆవిరి కలిసి దూరపు గుట్ట కనబడదు. వాన కురిసి వెలిసిన పూట గాలి కడిగినట్టు ఉంటుంది, ముప్పై నలభై మైళ్ల అవతలి జెండా కూడా యంత్రంలో దొరుకుతుంది. కొలతకు ఏది మంచి కాలమో మనిషికి అదే చెడ్డ కాలం.

దారిలో పొంగిన వాగులు, నదులు దాటాల్సి వచ్చింది. నిజాం ప్రభుత్వం రక్షణగా పంపిన సిపాయీలు ఈ పని మావల్ల కాదని ఎదురు తిరిగితే ఎవరెస్ట్ వాళ్లను కొరడాలతో కొట్టించారు. ఇది దాచవలసిన విషయం కాదు. ఆయన పనిలో ఎంత నిష్ఠాపరుడో మనుషులతో అంత కరకు. తరువాత కథ అంతకంటె విషాదం. యెల్లాపురం అడవుల్లో ఉండగా జ్వరం తగులుకుంది. మొదట దొరకు, ఆయనతో పాటు వచ్చిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అయిన వాయిసీకి. ఆ తరువాత ఖలాసీలు, జెండా పట్టేవాళ్లు, మోతగాళ్లు, వంటవాళ్లు ఒక్కరొక్కరే పడిపోయారు. దాదాపు నూటయాభై మంది ఉన్న గుంపులో నిలబడి పనిచేయగలిగినవాడు లేకపోయాడు. హైదరాబాదు నుండి ఏనుగులు, డోలీలు పంపి వాళ్లను మోసుకురావలసి వచ్చింది. అందరూ తిరిగి రాలేదు. చనిపోయిన దొరల సమాధుల మీద పేర్లున్నాయి. ఈ ఖలాసీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాళ్లలో మన తాతముత్తాతల ఊళ్లవాళ్లు ఎందరో ఎవరు చెప్పగలరు?

అప్పట్లో అందరూ అడవి గాలి, చిత్తడి నేల నుండి లేచే ఆవిరి వల్ల ఇలాంటి జ్వరం వస్తుందని నమ్మేవారు. దోమ వల్ల అని తేలడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది. తేలింది కూడా మన సికిందరాబాదులోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన ఇల్లు బేగంపేట విమానాశ్రయం పక్కనే ఉంది. మనలో చాలామంది మొదటిసారి విమానం ఎక్కింది ఆ బేగంపేటలోనే, 2008 మార్చిలో శంషాబాదు తెరిచేదాకా.

జ్వరం తగ్గగానే ఎవరెస్ట్ మళ్లీ అడవికి వెళ్లారు, మళ్లీ పడ్డారు. 1820లో ఆరోగ్యం కోసం సెలవు పెట్టి ఆఫ్రికా కొసన కేప్ ఆఫ్ గుడ్‌హోప్ వెళ్లారు. మెడికల్ లీవులో మనమైతే పడుకుంటాం. ఆయన అక్కడ పాత లెక్క ఒకటి తవ్వి తీశారు. 1752లో లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త ఆ ప్రాంతంలో డిగ్రీ పొడవు కొలిస్తే, దక్షిణార్ధంలో భూమి ఆకారం వేరుగా ఉన్నట్టు వచ్చింది. పండితులు డెబ్బయి ఏళ్లుగా తల గోక్కుంటున్నారు. ఎవరెస్ట్ ఆ స్థలాలన్నీ తిరిగి చూసి అసలు కారణం పట్టుకున్నారు. గోడ నిటారుగా ఉందో లేదో చూడడానికి మేస్త్రీ దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు కదా. పక్కనే పెద్ద పర్వతం ఉంటే ఆ గుండు పర్వతం వైపు రవంత లాగబడుతుంది. నక్షత్రాలను చూసి అక్షాంశం కట్టేది ఆ దారాన్ని నమ్ముకునే. దారమే పక్కకు వాలితే అక్షాంశం తప్పు, డిగ్రీ తప్పు, భూమి ఆకారమే తప్పు. లకాయ్ రెండు కొసలూ కొండల దగ్గర పడ్డాయి. ఈ సంగతి ఆయన లాంబ్టన్‌కు ఉత్తరం రాశారు. తరువాత హిమాలయాల దగ్గర పనిచేసినప్పుడు ఈ పాఠమే ఎవరెస్ట్‌కు అక్కరకు వచ్చింది.

1821 చివరికి తిరిగి వచ్చారు. 1823 జనవరి 20న లాంబ్టన్ ఇప్పటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ వద్ద మకాంలోనే కన్నుమూశారు. రిటైరుమెంటు అనేది ఆయన ఎరగరు. డెబ్బయ్యేళ్ల దరిదాపుల్లో కూడా గుడారంలోనే ఉన్నారు. సర్వే బాధ్యత ఎవరెస్ట్ మీద పడింది. ఆయనకు అప్పుడు 32 ఏళ్లు, శరీరం మాత్రం అరవై ఏళ్లవాడిది. కాళ్లూ చేతులూ పడిపోయినట్టై ఖగోళ యంత్రం ముందు కూర్చోవడానికి కూడా ఇద్దరు పట్టి ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చేది. అయినా మధ్యభారతంలోని సిరోంజ్ దాకా త్రికోణాలు నడిపించి, అక్కడ ఆధార రేఖ కొలిచి, 1825లో ఇంగ్లండుకు సెలవు మీద వెళ్లారు. ఆ సెలవు అయిదేళ్లు సాగింది.

ఈ అయిదేళ్లలో చేసిన పనే ఈ వ్యాసానికి మూలం. కన్యాకుమారి నుండి సిరోంజ్ దాకా వచ్చిన కొలతలను ఐరోపాలోని కొలతలతో కలిపి 1830లో భూగోళానికి లెక్క కట్టారు. దాని ప్రకారం భూమి కేంద్రం నుండి భూమధ్యరేఖకు దూరం 63,77,276 మీటర్లు. ధ్రువాల వైపు నొక్కుడు సుమారు మూడువందలవ వంతు. ఉపగ్రహాలతో కొలిచి నేడు విమానాలు, సెల్‌ఫోన్లు వాడుతున్న అంకె 63,78,137. తేడా 861 మీటర్లు. ఆరువేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో తేడా కిలోమీటరుకు లోపు! గుట్టల మీద జెండాలు పాతి, ఇనుప గొలుసులతో, చేతి లెక్కలతో సాధించిన ఫలితం ఇది. మన దేశపు సర్వే పటాలన్నీ నూటయాభై ఏళ్లకు పైగా ఎవరెస్ట్ భూగోళం మీదే గీశారు. 2005 జాతీయ పటాల విధానం వచ్చాకే ప్రజల కోసం వేసే పటాలను కొత్త ప్రపంచ లెక్కకు మార్చారు. పాత సర్వే పటం మీది ఒక చోటును జి.పి.ఎస్.తో పోల్చి చూస్తే వంద మీటర్లకు పైగా జరిగినట్టు కనిపించడానికి కారణం ఇదే. ఎవరో తప్పు చేసినందువల్ల కాదు.

భూమి బంతి అనుకుని లెక్క వేస్తే పోయేదేముంది అని ఎవరైనా అడగవచ్చు. కోదాడ ప్రయాణానికి ఏమీ పోదు. షికాగో ప్రయాణానికైతే పదుల కిలోమీటర్లు తేడా రావచ్చు. విమానంలో పోసే ఇంధనం దూరాన్ని బట్టే.

ఇంకో సంగతి. గోడ మీది పటంలో చూస్తే షికాగో పడమటి దిక్కున ఉంది, ఐరోపా మీదుగా అట్లాంటిక్ దాటి పోవాలి. ఇంట్లో మనవడి గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని హైదరాబాదు నుండి షికాగోకు బిగించి పట్టి చూడండి. దారం పడమరకు పోదు. నేరుగా ఉత్తరానికి ఎగబాకి ధ్రువానికి దగ్గరగా పోయి అవతలి పక్కకు దిగుతుంది. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే. గాలులు, ఇతర దేశాల ఆకాశంలో అనుమతులు చూసుకుని విమానం అటూ ఇటూ జరుగుతుంది గాని, దూరం చెప్పేటప్పుడు చెప్పేది ఈ దారం పొడవే. పోయేటప్పుడు పట్టే గంటలూ వచ్చేటప్పుడు పట్టే గంటలూ ఒకటి కాకపోవడానికి పైన వీచే గాలులే కారణం. గడియారం మార్పు మన బుర్రలను తికమక పెట్టేది వేరే. ఒక రేఖాంశానికీ పక్క రేఖాంశానికీ సూర్యుడు నాలుగు నిమిషాల తేడా పెడతాడు. మన కోదాడలో నడినెత్తికి వచ్చిన సూర్యుడు సూర్యాపేట నడినెత్తికి రావడానికి కూడా ఎనభై సెకన్ల పైన పడుతుంది. అటువంటప్పుడు షికాగో దాకా గంటల్లో తేడా రావడంలో వింతేముంది.

1830లో ఎవరెస్ట్ సర్వేయర్ జనరల్ హోదాలో తిరిగి వచ్చారు. లండనులో చేయించిన కొత్త థియోడొలైట్లు, వేడికి సాగినా పొడవు మారకుండా రెండు లోహాలతో చేసిన కొలకడ్డీలు వెంట తెచ్చారు. గంగా మైదానంలో గుట్టలు లేవు. చూపు సాగాలంటే బురుజులు కట్టాలి. యాభై అరవై అడుగుల ఎత్తున కట్టించారు. అడ్డొచ్చిన చెట్లు, కొన్నిచోట్ల ఇళ్లు తొలగించి పరిహారం ఇచ్చారు. బురుజు మీద నిలబడి దుర్భిణిలో చూసే ఈ దొరలు అంతఃపురాలలోకి తొంగిచూస్తున్నారని, అందులో మనుషులు తలకిందులుగా కనిపిస్తారని ఊళ్లలో గొడవలయ్యాయి. తలకిందులుగా కనిపించే మాట నిజమే, ఆ యంత్రం అటువంటిది! పగటి పూట దుమ్ములో చూపు ఆనకపోతే ఎవరెస్ట్ రాత్రి దీపాలు పెట్టించి కోణాలు తీశారు, పగలు అద్దాలతో సూర్యకాంతిని తళుక్కుమనిపించి దూరపు చోటును గుర్తించారు. తనను జనం కంపాస్‌వాలా అంటే మాత్రం ఆయనకు చాలా కోపం వచ్చేది. మనలో రెవెన్యూ, సర్వే శాఖల్లో చేసినవారు జనం పెట్టే పేర్లను ఇంతకంటె తేలిగ్గా తీసుకున్నారు.

డెహ్రాడూన్ లోయలో 1834–35లో ఏడున్నర మైళ్ల ఆధార రేఖను నేల మీద కొలిచారు. అదే దూరాన్ని సిరోంజ్ నుండి త్రికోణాల గొలుసు ద్వారా లెక్క కట్టి తెచ్చిన అంకెతో పోల్చారు. వందల మైళ్లు దాటి వచ్చిన లెక్కకూ నేల కొలతకూ తేడా సుమారు ఏడు అంగుళాలు. పాత యంత్రాలతో చేసిన దక్షిణ భాగాన్ని కూడా ఆయన వదలలేదు. అదంతా మళ్లీ కొలిపించారు. 1841లో మన పొరుగున ఉన్న బీదర్ వద్ద ఆధార రేఖను ఆయన సహాయకుడు ఆండ్రూ వా మళ్లీ కొలవడంతో పని ముగిసింది. కన్యాకుమారి నుండి మస్సూరీ కొండల దాకా దాదాపు 2,400 కిలోమీటర్లు. 1802 నుండి నలభై ఏళ్లు. ఆ దూరాన్ని ఇప్పటి జెట్ విమానం మూడు గంటల్లో దాటుతుంది.

ఈ పని ఒక్క దొర చేతి మీద నడవలేదు. 1831లో లెక్కల గుమాస్తాగా చేరిన బెంగాలీ యువకుడు రాధానాథ్ శిక్దార్ మీద ఎవరెస్ట్‌కు ఎంతో గురి. వేరే శాఖకు పోకుండా పట్టుబట్టి నిలుపుకున్నారు. ఇంగ్లండు నుండి వచ్చిన యంత్రాల పనివాడు వెళ్లిపోతే ఆ స్థానంలో ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్‌ను పెట్టారు. ఎవరినీ మెచ్చుకోవడం రాని మనిషి ఈ ఇద్దరి విషయంలో మనసు దాచుకోలేదు.

ఉద్యోగులుగా మనకు బాగా అర్థమయ్యే ఘట్టం ఒకటి ఉంది. ఎవరెస్ట్ ఆరోగ్యం చూసి కంపెనీ డైరెక్టర్లు ఆయన తరువాత ఆ కుర్చీ థామస్ జెర్విస్ అనే అధికారికి ఇవ్వాలని ముందుగానే నిర్ణయించారు. లండనులో రాయల్ సొసైటీ వారు కూడా జెర్విస్‌ను సమర్థించారు. ఈయన ఇంకా కుర్చీలోనే ఉన్నారు! దానితో మండిపడి ఆ సొసైటీ అధ్యక్షుడైన డ్యూక్ ఆఫ్ ససెక్స్‌కు వరసగా ఉత్తరాలు రాసి, 1839లో వాటిని అచ్చు కూడా వేయించారు. జెర్విస్ ఆశ పడుతూనే ఉండిపోయారు. ఎవరెస్ట్ పని పూర్తిచేసి 1843లో రిటైరై, తన స్థానం తాను తయారు చేసిన ఆండ్రూ వాకు దక్కేటట్టు చూసుకున్నారు. సీనియారిటీ తగాదాల్లో ఇంత గట్టి ప్రాతినిధ్యం మనం కూడా ఎప్పుడూ సమర్పించలేదేమో.

1849–50లో, అంటే ఎవరెస్ట్ స్వదేశం చేరిన ఆరేడేళ్లకు, సర్వే వాళ్లు మైదానం నుండి హిమాలయాల శిఖరాలకు గురిపెట్టి కోణాలు తీశారు. వాటిలో పదిహేనో నెంబరు వేసిన శిఖరం అన్నిటికంటె ఎత్తని తేల్చిన లెక్కల్లో రాధానాథ్ శిక్దార్ పాత్ర ప్రసిద్ధం. ఎత్తు 29,002 అడుగులుగా 1856లో ప్రకటించారు. 2020 డిసెంబరులో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే 29,032 అడుగులు. ముప్పై అడుగుల తేడా. స్థానికంగా ఉన్న పేరు తనకు తెలియరాలేదని చెప్పి ఆండ్రూ వా తన పాత అధికారి పేరు పెట్టాలన్నారు. టిబెట్ వైపు దాన్ని చోమోలుంగ్మా అంటారు. ఎవరెస్ట్ స్వయంగా అభ్యంతరం తెలిపారు. ఊరికీ కొండకూ అక్కడి జనం పిలిచే పేరే పటంలో రాయాలన్నది ఆయన సర్వేలో పాటించిన నియమం. పైగా తన పేరు హిందీలో రాయడానికి గాని, అక్కడి వాళ్లు పలకడానికి గాని వీలుకాదని 1857లో లండను భూగోళ సంఘం సభలో చెప్పారు. అయినా 1865లో ఆ సంఘం ఆ పేరునే ఖాయం చేసింది. ఆయన ఆ శిఖరాన్ని కళ్లారా చూసిన దాఖలా లేదు.

పెన్షనరుగా ఆయన 23 ఏళ్లు బతికారు. యాభై ఆరో ఏట, 1846లో ఎమ్మా వింగ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆరుగురు సంతానం. 1861లో సర్ బిరుదు వచ్చింది. యౌవనమంతా అడవి జ్వరాలతో గడిపిన మనిషి డెబ్బయి ఆరేళ్లు బతకడం డాక్టర్లకే వింతగా ఉండి ఉంటుంది. 1866 డిసెంబరు 1న లండనులో మరణించారు. ఇంగ్లండు దక్షిణ తీరాన హోవ్ అనే ఊళ్లో సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో సమాధి ఉంది. లండను వెళ్లే పిల్లలున్న మన సభ్యులు రైలులో ఒక పూటలో చూసి రావచ్చు.